ఇబ్నుల్ హైసమ్: చూపు గుట్టు విప్పిన మహనీయుడు

తాజ్‌మహల్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు దాని శిఖరాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు ఫొటో తీయించుకోవడం మనందరికీ తెలిసిందే. కెమెరా అబద్ధమాడలేదు, మోసపోయింది మన చూపు. ఇలాంటి సంగతులను వెయ్యేళ్ళ కిందటే పరిశోధించిన మహనీయుడు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్.

ఆయన క్రీ.శ. 965 ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. నైలు నది నీటిని అదుపు చేయవచ్చునని ఆయన అన్నమాట విని, ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం ఈజిప్టుకు పిలిపించారట. తీరా అస్వాన్ దాకా వెళ్ళి నదిని కళ్ళారా చూశాక అది తన వల్ల కాదని తెలుసుకుని, ఆ మాటే ఖలీఫాకు చెప్పారు. ఉద్యోగమిచ్చినా ఖలీఫా కోపానికి జడిసి, పిచ్చివాడిలా నటించి, 1021లో ఆయన కనుమరుగయ్యేదాకా ఇంట్లోనే ఉండిపోయారని చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత అల్ అజ్హర్ మసీదు దగ్గర ఉంటూ, యూక్లిడ్, టాలమీల గ్రంథాలకు నకళ్ళు రాసి బతికారు.

ఆయన పేరు నిలబెట్టిన గ్రంథం కితాబుల్ మనాజిర్, ఏడు భాగాలు. కంటిలోంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలమీ నమ్మారు. కాదు, వస్తువు నుంచే వెలుతురు కంటికి వస్తుందని ఈయన రుజువులు చూపారు. ఒక రంధ్రం ముందు కొన్ని దీపాలు పెడితే, చీకటి గదిలో గోడ మీద అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపం కప్పితే దాని మచ్చ ఒక్కటే పోతుంది. నేటి కెమెరా పనిచేసేదీ ఈ సూత్రం మీదే.

దూరాన ఉన్నది కంటికి చిన్నగా ఆనుతుంది. అయినా దూరాన్ని లెక్కలోకి తీసుకుని అసలు పరిమాణాన్ని మనసు గ్రహిస్తుంది. ఆ దూరం మధ్యలో వరుసగా కనిపించే నేల, చెట్ల వల్ల తెలుస్తుందని ఆయన వివరించారు. ఫొటోలో వేలికీ గుమ్మటానికీ మధ్యనున్న నేల కనబడదు. అందుకే రెండూ పక్కపక్కనే ఉన్నాయనుకుంటాం. ఉదయించే చంద్రుడు పెద్దగా కనిపించడం కూడా మనసు చేసే ఇలాంటి అంచనాయేనని ఆయన తేల్చారు.

1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు. లాటిన్‌లోకి వెళ్ళిన ఆయన గ్రంథం 1572లో బాసెల్‌లో అచ్చయింది. 2015లో జరిగిన అంతర్జాతీయ కాంతి సంవత్సరంలో ప్రపంచమంతా ఆయన్ని తలచుకుంది.

దూరాన కూర్చుని నైలును తప్పుగా అంచనా వేసినాయనే, పెద్దలు చెప్పినా సరే పరీక్షించాకే నమ్మాలని నేర్పారు. మన పిల్లలు అలాంటి ఫొటో చూసి నవ్వుకునేటప్పుడు ఈయన కథ కూడా చెబుదాం.