పసివాళ్ల రాళ్లజబ్బుకు దారి చూపిన జహ్రావీ

హిజ్రీ నాలుగో శతాబ్దంలో ముస్లిం స్పెయిన్‌కు కుర్తుబా రాజధాని. నేడు దాన్ని కార్డోబా అంటున్నారు. ఆ నగరానికి ఐదు మైళ్ల దూరంలో, కొండవాలులో, ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో ఒక కొత్త రాజనగరాన్ని కట్టించడం మొదలుపెట్టారు. దాని పేరు మదీనతుజ్జహ్రా. అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ అజ్జహ్రావీ ఆ ఊరివారే. ఊరి పేరే ఆయనకు ఇంటిపేరయింది. మదీనాలో దైవప్రవక్త (సఅసం)కు అండగా నిలిచిన అన్సార్ల సంతతివారు కావడంతో ఆయనను అన్సారీ అని కూడా పిలిచేవారు. యూరప్ వాళ్ల నోట ఈ పేరు నలిగి అల్బుకాసిస్ అయింది.

ఇంత పేరున్న మనిషి జీవితం గురించి మనకు దక్కిన వివరాలు బహుకొద్ది. ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకు హుమైదీ అనే చరిత్రకారుడు అందలూసియా విద్వాంసుల మీద రాసిన గ్రంథంలో కొన్ని మాటలు చేర్చారు. పండితుడు ఇబ్నె హజ్మ్ ఆయన గ్రంథాన్ని మెచ్చుకున్నారు. అంతకుమించి తెలుసుకోవాలంటే ఆయన రాసిన పుస్తకాన్నే ఆశ్రయించాలి. అదృష్టవశాత్తు ఆ పుస్తకంలో రోగులున్నారు, శిష్యులున్నారు, తాను కళ్లారా చూసిన చావులు కూడా ఉన్నాయి.

ఆ గ్రంథం పేరు క్లుప్తంగా అత్తస్రీఫ్. మొత్తం ముప్పై భాగాలు. జీవితకాలపు అనుభవాన్నంతా కూడబెట్టి 1000వ సంవత్సరం ప్రాంతంలో దాన్ని పూర్తిచేశారు. మందులు, ఆహారం, రోగలక్షణాలు అన్నీ అందులో ఉన్నా, లోకం గుర్తుపెట్టుకున్నది చివరిదైన ముప్పయ్యో భాగాన్నే. అది శస్త్రవైద్యానికి సంబంధించింది. కాల్చి చేసే చికిత్స, కోసి చేసే చికిత్స, విరిగిన ఎముకలను కట్టే పద్ధతి అని మూడు విభాగాలు. సుమారు రెండు వందల పనిముట్ల బొమ్మలు గీసి చూపించారు. శిష్యులను ఆయన సంబోధించేది బిడ్డలారా అని.

తన దేశంలో శస్త్రవైద్యం క్షీణించిపోయిందని జహ్రావీ బాధపడ్డారు. శరీరం లోపలి నిర్మాణం తెలియకుండా కత్తిపట్టడం మనిషిని చంపడమేనని ఆయన అభిప్రాయం. అందుకు తాను చూసిన సంగతులనే సాక్ష్యంగా పెట్టారు. వాటిలో ఒకటి మనం ఇక్కడ చెప్పుకోవలసిందే. బాగా వయసు మళ్లిన ఒకాయన మూత్రాశయంలో పెద్ద రాయి తయారైంది. ముందు జహ్రావీనే పిలిచారు. రాయి పరిమాణమూ, రోగి పరిస్థితీ చూసి, కోస్తే ఈ మనిషి బతకడని ఆయన తేల్చుకున్నారు. మరో వైద్యుడు మాత్రం ధైర్యం చేసి ఆ రాయిని లాగాడు. దాంతోపాటు మూత్రాశయపు ముక్క కూడా ఊడి వచ్చింది. సుమారు మూడు రోజులకు ముసలాయన ప్రాణం పోయింది.

మా దృష్టిలో ఆయన రాళ్ల చికిత్సకు ఈ ఘటనే తాళంచెవి. రాయిని బయటికి తీయడం ఒక్కటే వైద్యుడి విజయం కాదు. దాన్ని తీయడానికి ఎంత గాయం చేశాడన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఆ రోజుల్లో మూత్రాశయపు రాళ్లు ఎక్కువగా పిల్లలకే వచ్చేవి. ఈ జబ్బు పిల్లల్లోనే అధికమని జహ్రావీ స్పష్టంగా రాశారు. పాలు, మాంసం వంటి పుష్టికరమైన తిండి లేక, ఉత్త ధాన్యం మీదే పెరిగే పేద పిల్లలకు ఇది ఎక్కువగా వస్తుందని ఇప్పటి శాస్త్రం చెబుతోంది. ఉత్తరాఫ్రికా నుంచి మన ఉత్తర భారతం దాకా ఈ జబ్బు నిన్నమొన్నటివరకూ పసివాళ్లను పీడించింది. జహ్రావీ చెప్పిన గుర్తులను చూడండి. మూత్రం నీళ్లలా పలచబడి అడుగున ఇసుక కనిపిస్తుంది. పిల్లవాడు అస్తమానం మర్మాంగాన్ని నలుపుకుంటాడు. ముక్కీ ముక్కీ మలద్వారం బయటికి జారుతుంది. మాట చెప్పలేని పసివాడి బాధను చేతల్లో చదివిన వైద్యుడాయన.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు నయం కావడం సులభం, వృద్ధులకు కష్టం, యువకులది ఈ రెంటికీ మధ్యరకం అని ఆయన నిర్ధారణ. చికిత్స ఇలా సాగేది. ముందు ఎనిమా ఇచ్చి పేగును ఖాళీ చేయించేవారు. రాయి మూత్రాశయం అడుగుకు దిగేలా రోగిని కుదిపేవారు. ఆపై మలద్వారంలో ఎడమచేతి చూపుడువేలు పెట్టి, రాయిని తడిమి, మెల్లగా మూత్రాశయం మెడ దాకా తెచ్చేవారు. వృషణాలకూ మలద్వారానికీ మధ్య, సరిగ్గా నడుమ కాకుండా ఎడమవైపుకు ఏటవాలుగా కోసేవారు. పైచర్మం మీద కోత కాస్త వెడల్పుగా ఉన్నా, లోపలి కోత రాయి పట్టేంతే ఉండాలి. మత్తుమందులతో నొప్పి తెలియకుండా చేసే పద్ధతి లేని కాలమది. కన్నవాళ్ల గుండె ఎలా ఆగిందో ఊహించుకోవలసిందే.

మరి రాయి పెద్దదైతే? పెద్ద రాయికి పెద్ద కోత పెట్టడం అజ్ఞానమని జహ్రావీ గట్టిగా హెచ్చరించారు. అలా చేస్తే రోగి చనిపోతాడు, లేదా గాయం మానక జీవితాంతం మూత్రం కారుతూనే ఉంటుంది. కోతను పెంచకుండా, రాయిని పట్టకారుతో లోపలే చితగ్గొట్టి ముక్కముక్కగా తీయాలని ఆయన బోధన. ముక్కలేవీ లోపల మిగలకూడదు.

మూత్రమార్గంలో చిన్న రాయి ఇరుక్కుంటే అసలు కత్తే అక్కర్లేని ఉపాయం చెప్పారు. దానికి వాడిన పనిముట్టు పేరు మిష్‌అబ్. కొయ్యపిడికి బిగించిన సన్నని ఉక్కు సలాక, దాని మొన మూడు పలకలుగా వాడిగా ఉంటుంది. రాయి వెనక్కి జారి మూత్రాశయంలోకి పోకుండా, దాని వెనుక పైనుంచి దారంతో కట్టు వేస్తారు. సలాకను మూత్రద్వారం గుండా నెమ్మదిగా పంపి, రాయికి తగలగానే చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతారు. రాయికి తూటు పడుతుంది. అప్పుడు బయటినుంచి వేళ్లతో నొక్కితే అది పిండి అవుతుంది, మూత్రంతో పాటు కొట్టుకుపోతుంది.

పిల్లల విషయంలో ఆయన మనసు తెలియాలంటే సున్తీ గురించి రాసిన అధ్యాయం కూడా చూడాలి. గ్రీకు వైద్యుల పుస్తకాల్లో ఆ సంగతి లేదు, వారిలో ఆ ఆచారం లేదు కాబట్టి. అందుకే స్వానుభవంతో రాశారు. కత్తెరను పిల్లవాడి కంట పడనీయకుండా దాచాలని, కేవలం దారం కడతానని నమ్మించి పని ముగించాలని సూచించారు. స్త్రీలకు రాళ్లజబ్బు వస్తే నేర్పుగల మహిళా వైద్యురాలిని వెదకమన్నారు. ఆమె దొరకని చోట శీలవంతుడైన వైద్యుడు పక్కన ఉండి, అనుభవంగల మంత్రసాని చేత చేయించాలన్నారు.

ప్రతిదానికీ మనవారే ఆద్యులని చెప్పుకోవడం మనలో కొందరికి అలవాటు. జహ్రావీ అలా చెప్పుకోలేదు. పూర్వీకుల గ్రంథాల నుంచి గ్రహించానని ఒప్పుకున్నారు. కోసి రాయి తీసే పద్ధతి ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు పౌలస్ రచనలో ఉంది. మన దేశంలో సుశ్రుతుడు అంతకు చాలా ముందే చెప్పాడు. మూత్రపిండాల, మూత్రాశయపు రాళ్ల మీద ప్రత్యేక గ్రంథం రాసిన హకీం రాజీ కూడా జహ్రావీ కంటే ముందువారే. ఆ రాజీ మహాగ్రంథం అల్‌హావీని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే. జహ్రావీ ప్రత్యేకత పాతదాన్ని చేసి చూసి సరిదిద్దడంలో ఉంది, పనిముట్టు బొమ్మ గీసి తర్వాతివారి చేతికివ్వడంలో ఉంది.

ఆయన చివరి రోజులు అల్లకల్లోలపు రోజులు. అంతర్యుద్ధం చెలరేగి 1010 ప్రాంతంలో మదీనతుజ్జహ్రా కొల్లగొట్టబడి శిథిలమైంది. పుట్టిన ఊరు తన కళ్లముందే నాశనమయ్యాక, 1013 ప్రాంతంలో జహ్రావీ కుర్తుబాలో కన్నుమూశారు. పుస్తకం మాత్రం బతికింది. పన్నెండో శతాబ్దంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ తులైతులా నగరంలో, అంటే టొలెడోలో, శస్త్రవైద్య భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. ఫ్రాన్స్‌లో గీ ద షోలియాక్ 1363లో రాసిన గ్రంథంలో జహ్రావీని పదేపదే ప్రస్తావించాడు. అమాస్యా నగరంలో షరఫుద్దీన్ అనే తుర్కీ వైద్యుడు 1465లో ఈ విద్యను తుర్కీ భాషలో, రోగుల బొమ్మలతో సహా రాశాడు. ఆక్స్‌ఫర్డ్‌లో 1778లో అరబీ మూలం అచ్చయింది.

జహ్రావీ కత్తి మూత్రపిండం జోలికి పోలేదు. అక్కడికి క్షేమంగా చేరే దారి ఆనాడు ఎవరికీ తెలియదు. మూత్రమార్గం గుండా వెళ్లి రాయిని లోపలే పగలగొట్టే పని పారిస్‌లో సివియాల్ 1824లో చేసి చూపించాడు. మూత్రపిండం దాకా చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. వీపు వైపు నుంచి సన్నని రంధ్రం చేసి మూత్రపిండంలోని రాయిని తీసిన పద్ధతిని స్వీడన్ వైద్యులు 1976లో ప్రకటించారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో శబ్దతరంగాల తాకిడితో, శరీరానికి గాటు పెట్టకుండానే, రాయిని పొడిచేశారు.

ఇవన్నీ మొదట పెద్దవాళ్ల కోసం చేసినవే. పెద్దలకు వేసే రంధ్రం ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు ఉంటుంది. పిడికెడంత కూడా లేని పసివాడి మూత్రపిండానికి అది చిన్న గాయం కాదు. అందుకే 1998లో అమెరికా వైద్యులు సుమారు నాలుగు మిల్లీమీటర్ల దారితో బడి ఈడు రాని పిల్లలకు రాళ్లు తీసిన అనుభవాన్ని ప్రచురించారు. 2011లో మన గుజరాత్‌లోని నడియాడ్ వైద్యులు 1.6 మిల్లీమీటర్ల సూదిలోంచే లోపలికి చూసి, లేజర్‌తో రాయిని పొడిచేసే విధానాన్ని వెలువరించారు. లేజర్ పొడి చేసిన రాయి మూత్రంతోనే పోతుంది. జహ్రావీ మిష్‌అబ్ చేసిన పనీ అదే కదా!

ఏ పిల్లవాడికి ఏ పద్ధతి అన్నది రాయి పరిమాణాన్ని, అది ఉన్న చోటును బట్టి ఉంటుంది. మామూలుగా చిన్న రాయికి తరంగాల చికిత్స, కిందికి దిగి నాళంలో చిక్కుకున్నదానికి మూత్రమార్గం గుండా పంపే సన్నని దుర్బిణి, రెండు సెంటీమీటర్లు దాటినదానికి వీపు రంధ్రం వాడుతున్నారు. తరంగాల చికిత్సలో కోత లేకపోయినా, పిల్లలు కదలకుండా ఉండాలి కాబట్టి తరచూ మత్తు ఇవ్వవలసి వస్తుంది. పిల్లల మూత్రనాళం పొట్టిగా, సాగేగుణంతో ఉండటం వల్ల రాతి ముక్కలు పెద్దవాళ్లకంటే తేలిగ్గా జారిపోతాయి.

పిల్లల రాయి మళ్లీ రావచ్చు. వాళ్ల ముందు నిండు జీవితం ఉంది కనుక ఈ భయం పెద్దలకంటే ఎక్కువ. పక్కటెముకల కింద పెద్ద కోతతో ఒకసారి తీసినచోట, రెండోసారి కోయడం ఎంత కష్టమో శస్త్రవైద్యులకు తెలుసు. కాబట్టి తీసిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపించాలి. మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్, సిస్టిన్ వంటివి ఎంత పోతున్నాయో కొలిపించాలి. మేనరికపు పెళ్లిళ్లున్న కుటుంబాల్లో ఈ పరీక్షలు మరీ ముఖ్యం, పుట్టుకతో వచ్చే కొన్ని రాళ్లజబ్బులు అక్కడ ఎక్కువగా బయటపడతాయి. పిల్లవాడు రోజంతా మంచినీళ్లు తాగేలా, బడికి సీసా నింపి పంపేలా, ఉప్పు తగ్గేలా చూడటం తల్లిదండ్రుల వంతు. పాలు మానిపించనవసరం లేదు. కాల్షియం రాయి కదా అని పాలు మానిపిస్తే ఆహారంలోని ఆక్సలేట్ మరింతగా ఒంట్లోకి చేరుతుంది.