మార్క్ బిర్కిగ్ట్

మార్క్ బిర్కిగ్ట్ (1878 మార్చి 8 - 1953 మార్చి 15) స్విట్జర్లాండు దేశానికి చెందిన ప్రముఖ ఇంజనీరు. హిస్పానో-సూయిజా కార్ల రూపశిల్పి. విమాన ఇంజన్ల వల్ల ఇతనికి పేరు వచ్చింది. అయితే కారు నడిపేవారికి ఇతడు చేసిన అసలు మేలు బ్రేకుల విషయంలోనిదని చెప్పవచ్చు.

తొలి జీవితం

ఇతడు జెనీవాలో జన్మించాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయాడు. జెనీవాలోనే యంత్రవిద్య అభ్యసించి, 1899లో ఉద్యోగరీత్యా స్పెయిన్ లోని బార్సెలోనాకు వెళ్ళాడు. అక్కడ ఇతడు పనిచేసిన సంస్థలు ఒకదాని తరువాత ఒకటి ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకున్నాయి. చివరకు 1904లో దమియాన్ మతేవు పెట్టుబడితో హిస్పానో-సూయిజా సంస్థ ఏర్పడింది. ఈ పేరుకు స్పెయిన్-స్విస్ అని అర్థం. అందులోని స్విస్ భాగం బిర్కిగ్ట్ ను ఉద్దేశించినదే. స్పెయిన్ రాజు 13వ అల్ఫోన్సో ఈ కార్లను ఇష్టపడేవాడు. ఒక నమూనాకు ఆయన పేరే పెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధం

యుద్ధకాలంలో ఇతడు అల్యూమినియం పోతతో ఎనిమిది సిలిండర్ల విమాన ఇంజన్ను రూపొందించాడు. ఫ్రాన్సు వారి స్పాడ్, బ్రిటన్ వారి ఎస్.ఇ.5ఎ యుద్ధవిమానాలు దీనితోనే ఎగిరాయి. 1917లో మరణించిన ఫ్రెంచి వైమానికుడు గినెమేర్ దళానికి కొంగ చిహ్నం. యుద్ధం తరువాత హిస్పానో కార్ల ముందుభాగాన కనిపించే కొంగ బొమ్మ ఆ దళం జ్ఞాపకార్థం పెట్టినదే.

సర్వో బ్రేకులు

1919లో పారిస్ ప్రదర్శనలో హెచ్6 కారు విడుదలయింది. 6.6 లీటర్ల ఇంజను, 135 అశ్వశక్తి. ఆ రోజులలో చాలా కార్లకు వెనుక చక్రాలకు మాత్రమే బ్రేకులుండేవి. అవి పనిచేయడానికి కేవలం డ్రైవరు కాలిబలమే ఆధారం. కార్ల బరువూ వేగమూ పెరిగాయి గాని మనిషి కాలిబలం పెరగలేదు. ఈ సమస్యకు బిర్కిగ్ట్ కనిపెట్టిన ఉపాయం, కదిలే కారు బలాన్నే కారును ఆపడానికి వాడుకోవడం. గేరుబాక్సు నుండి చలనం తీసుకొని ఒక చిన్న డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. పెడల్ నొక్కితే రాపిడి పట్టీలు దానికి ఒరుసుకుంటాయి. డ్రమ్ము వాటిని తనతో పాటు లాగబోతుంది. ఆ లాగుడే కడ్డీల ద్వారా నాలుగు చక్రాల బ్రేకులకూ చేరుతుంది. అందువల్ల కాలితో కొద్దిగా నొక్కినా చాలు.

రోల్స్ రాయిస్ వంటి సంస్థ ఈ పద్ధతిని లైసెన్సు తీసుకొని 1924 నుండి తన కార్లకు అమర్చుకున్నది. ఒక పోటీదారుకు ఇంతకంటే గొప్ప గుర్తింపు ఉండదు. 1955లో వచ్చిన సిల్వర్ క్లౌడ్ లో సైతం దీని వారసత్వం ఉంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. కారు నిలిచి ఉంటే డ్రమ్ము తిరగదు, కనుక సహాయమూ అందదు. ఇంజను లోపలి శూన్యపీడనంతో పనిచేసే వాక్యూమ్ సర్వోకు ఆ చిక్కు లేదు. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాంద్ర్ 1920వ దశకంలో రూపొందించిన ఈ రకమే తరువాత కార్లలో స్థిరపడింది. నేడు పాత కార్లను పవర్ బ్రేకులకు మార్చుకునేవారు సాధారణంగా అమర్చేదీ ఇదే. అయితే ఏ సర్వో అయినా కాలిశ్రమను తగ్గిస్తుందే గాని అరిగిన పట్టీలను బాగుచేయదు. మార్పుకు ముందు అసలు బ్రేకులు సరిగా ఉండాలి.

చివరి దశ

1938లో ఫ్రాన్సులో హిస్పానో కార్ల తయారీ ఆగిపోయింది. ఇతని సంస్థ రూపొందించిన 20 మిల్లీమీటర్ల ఫిరంగిని రెండవ ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ వంటి విమానాలకు అమర్చారు. బిర్కిగ్ట్ 1953లో జెనీవా సమీపంలోని వెర్స్వాలో మరణించాడు.