తలుపు మూయని ఇల్లు
(డాక్టర్ బర్నార్డో జీవితం)

మన ప్రత్యేక సంచికలలో మహనీయుల జీవితాలు చదువుకోవడం మనకు అలవాటే. ఈసారి మన దేశంవారు కాని ఒకరిని పరిచయం చేస్తున్నాను. ఆయన పొట్టచేత పట్టుకుని కాకపోయినా, ఒక ఆశ చేత పట్టుకుని పరాయి ఊరు చేరినవారు. వీధిపాలైన పిల్లలను కాపాడడమే వృత్తిగా చేసుకుని జీవితమంతా అందులోనే గడిపారు. ఆయన చేసిన మేలు పెద్దది. చేసిన పొరపాట్లూ చిన్నవి కావు. రెండూ తెలుసుకుంటేనే మనిషి పూర్తిగా అర్థమవుతాడు.

థామస్ జాన్ బర్నార్డో 1845 జూలై 4న ఐర్లండులోని డబ్లిన్ నగరంలో జన్మించారు. తండ్రి జర్మనీలోని హాంబర్గు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఉన్ని తోళ్ళ వ్యాపారి. అంటే వలస ఆ ఇంటికి కొత్త కాదు. సరిగ్గా ఆ ఏడాదే ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహాక్షామం మొదలైంది. లక్షలాదిమంది చనిపోయారు, లక్షలాదిమంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు.

యౌవనంలో బర్నార్డోకు దైవచింతన గాఢంగా కలిగింది. చైనా వెళ్ళి వైద్యుడుగా, మతప్రచారకుడుగా పనిచేయాలని నిశ్చయించుకుని 1866లో లండన్ చేరి అక్కడి ఆసుపత్రిలో వైద్యవిద్యలో చేరారు. అప్పటికి ఆయన యువకుడే. ఆ ఊళ్ళో ఆయనకు పలుకుబడి గాని, ఆస్తి గాని లేవు. అదే సంవత్సరం లండన్ తూర్పు పేటలలో కలరా వ్యాపించి వేలమందిని బలితీసుకుంది. ఆ ఇరుకు సందులలో తిరిగినప్పుడే తల్లిదండ్రులు పోయి దిక్కులేకుండా మిగిలిన పిల్లలను ఆయన కళ్ళారా చూశారు. కొద్దికాలానికే స్టెప్నీ ప్రాంతంలో బీదపిల్లల కోసం ఒక చిన్న బడి తెరిచారు.

ఆయన తర్వాత చెప్పుకున్న ప్రకారం, ఒక రాత్రి బడి ముగిశాక జిమ్ జార్విస్ అనే పదేళ్ళ కుర్రవాడు ఇంటికి పోకుండా అక్కడే నిలబడ్డాడు. పోవడానికి వాడికి ఇల్లే లేదట. నీలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారా అని అడిగితే, ఆ పిల్లవాడు బర్నార్డోను వెంటబెట్టుకుని వెళ్ళి, చలిలో ఒక కప్పు మీద చింపిరి గుడ్డలతో ముడుచుకుని నిద్రపోతున్న పిల్లలను చూపించాడు. చైనా ప్రయాణం ఆ రాత్రితోనే వెనకబడింది. ఆయన ఇక లండన్‌లోనే ఉండిపోయారు.

1870లో స్టెప్నీలో మగపిల్లల కోసం మొదటి వసతిగృహం తెరిచారు. ఉన్న డబ్బుకు తగినంతమందినే చేర్చుకోవాలని, అప్పు చేయరాదని నియమం పెట్టుకున్నారు. ఒకరోజు జాన్ సోమర్స్ అనే 11 ఏళ్ళ పిల్లవాడు వచ్చి చోటు అడిగాడు. పడకలు నిండిపోయాయి, ఖాళీ అయ్యాక రమ్మని పంపేశారు. కొద్దిరోజులకే ఆ పిల్లవాడు ఆకలికి, చలికి వీధిలో చనిపోయి కనిపించాడు. ఆ దెబ్బతో బర్నార్డో తన నియమాన్ని తానే కొట్టేశారు. దిక్కులేని ఏ బిడ్డనూ కాదనబోమని తలుపు మీద పలక రాయించి పెట్టారు. రాత్రయినా పగలయినా తలుపు తెరిచే ఉండేది. నిధి నిండుకున్నా అదే పద్ధతి. అందువల్ల అప్పులు జీవితాంతం ఆయనను వెంటాడాయి.

1873లో సిరీ ఎల్మ్‌స్లీని వివాహమాడారు. పెళ్ళి కానుకగా బార్కింగ్‌సైడ్‌లో ఒక ఇల్లు కౌలుకు లభిస్తే దంపతులు అక్కడ ఆడపిల్లలను చేర్చుకున్నారు. అయితే ఒకే కప్పు కింద అంతమందిని ఉంచితే వారికి ఇల్లన్నది తెలియదని గ్రహించి, 1876లో పచ్చిక చుట్టూ చిన్న చిన్న ఇళ్ళు కట్టించి ఒక పల్లె ఏర్పాటు చేశారు. ఒక్కో ఇంటికి తల్లిలా చూసుకునే ఒక స్త్రీ ఉండేది. 1886 ప్రాంతం నుంచి పిల్లలను పల్లెటూళ్ళ కుటుంబాలకు ఖర్చులిచ్చి పెంపకానికి అప్పగించడం కూడా ఆరంభించారు. నేడు అనేక దేశాలలో పిల్లల సంరక్షణ శాఖలు అనుసరించే పెంపుడు కుటుంబాల పద్ధతికి ఇది తొలి అడుగులలో ఒకటి.

ఇక రెండో వైపు. డబ్బు పోగుచేయడానికి పిల్లలను చేర్చుకున్నప్పుడు ఒకటి, తర్వాత ఒకటి ఫోటోలు తీయించి అమ్మేవారు. వాటిలో కొన్నింటికి పిల్లల బట్టలు కావాలనే చింపించారని ఆరోపణ వచ్చింది. పట్టా చేతికి రాకముందే డాక్టరునని చెప్పుకున్నారన్న మాట కూడా నిజమే. పట్టా 1876లో ఎడింబరోలో పుచ్చుకున్నారు. 1877లో మధ్యవర్తులు విచారణ జరిపి చాలా ఆరోపణలను కొట్టివేశారు గాని, ఫోటోల విషయంలో మాత్రం తప్పుపట్టారు. ఆ తర్వాత లెక్కాడొక్కా చూడడానికి ధర్మకర్తల సంఘం ఏర్పడింది.

అంతకంటె బరువైన విషయం తల్లిదండ్రుల హక్కు. పిల్లవాడికి ప్రమాదం ఉందని తనకు తోస్తే, కన్నవారి అనుమతి లేకుండానే తీసుకుపోయిన సందర్భాలున్నాయని ఆయనే ఒప్పుకున్నారు. కొందరు తల్లులు కోర్టుకెక్కారు. 1891లో అలాంటి ఒక కేసులో ప్రభువుల సభ తల్లి పక్షానే తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన పిల్లల సంరక్షణ చట్టం మాత్రం, బిడ్డను వదిలేసిన తల్లిదండ్రులకు తిరిగి అప్పగించకుండా ఉండే అధికారం కోర్టులకు ఇచ్చింది. జనం దానిని బర్నార్డో చట్టమనే పిలుచుకున్నారు. బిడ్డ క్షేమం ముఖ్యమా, కన్నవారి హక్కు ముఖ్యమా అన్న ప్రశ్న నేటికీ ఈ వృత్తిలో ఉన్నవారిని నిద్రపోనివ్వదు.

తాను వలస వచ్చి నిలదొక్కుకున్నారు గనుక వలసలోనే పిల్లలకు మేలుందని ఆయన నమ్మారేమో. 1882 నుంచి పిల్లలను ఓడలలో కెనడాకు పంపసాగారు. ఆయన సంస్థ ద్వారా ఆ దేశానికి వెళ్ళినవారు 1939 నాటికి సుమారు 30,000 మంది. మగపిల్లలు పొలాలలో, ఆడపిల్లలు ఇళ్ళలో పనికి కుదిరారు. కొందరికి మంచి ఇల్లు దొరికింది. కొందరికి చాకిరీ, దెబ్బలు, ఒంటరితనం మిగిలాయి. అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు విడిపోయి మళ్ళీ కలుసుకోలేదు. ఆయన వెళ్ళింది 21వ ఏట, తన ఇష్టంతో. ఆ పిల్లలను ఎవరూ అడగలేదు. ఇతర సంస్థలు కూడా ఇదే పని చేశాయి. ఆస్ట్రేలియాకు పంపడం 1960లలో గాని ఆగలేదు. 2009లో ఆస్ట్రేలియా ప్రధాని, 2010లో బ్రిటిష్ ప్రధాని, 2017లో కెనడా దిగువ సభ ఆ పిల్లలకు క్షమాపణ చెప్పారు.

సొంత ఇంట్లోనూ ఆయనకు కష్టాలు తప్పలేదు. ఏడుగురు సంతానంలో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. కుమార్తె మార్జోరీ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. అవయవలోపమో బుద్ధిమాంద్యమో ఉన్న పిల్లలను కూడా ఆయన సంస్థ కాదనకుండా చేర్చుకునేది.

గుండెజబ్బుతో ఏళ్ళతరబడి బాధపడుతూ, పని మానకుండానే 1905 సెప్టెంబర్ 19న ఆయన కన్నుమూశారు. వయసు 60. అప్పటికి 96 వసతిగృహాలలో 8,500 మందికి పైగా పిల్లలు ఉన్నారు. ఆయన చితాభస్మాన్ని బార్కింగ్‌సైడ్‌లో ఆడపిల్లల ఊరిలోనే ఉంచారు. ఆయన సంస్థ ఇప్పటికీ ఉంది. పాతకాలపు వసతిగృహాలను మూసివేసి, పిల్లలు కుటుంబాలలో పెరిగేలా చూసే పని చేస్తున్నది.

మనమందరం ఏళ్ళతరబడి బల్లకు ఇవతల కూర్చున్నవాళ్ళం. ఖాళీ లేదని, నిబంధన ఒప్పుకోదని, వచ్చే నెల రమ్మని ఎంతమందికి చెప్పి పంపామో లెక్క మనలో ఎవరి దగ్గరా లేదు. వారిలో ఒక జాన్ సోమర్స్ ఉండవచ్చు. బర్నార్డో జీవితం మనకు రెండు సంగతులు చెబుతుంది. తలుపు దగ్గరకు వచ్చినవాణ్ణి ఊరికే పంపకూడదు. లోపలికి తీసుకున్నాక వాడి మాట కూడా వినాలి. మొదటిది ఆయనకు ఒక పిల్లవాడి చావు నేర్పింది. రెండోది లోకం నేర్చుకోవడానికి మరో నూరేళ్ళు పట్టింది.