యంత్రవిద్యాభిమాని జి. డి. నాయుడుగారు

మన కోయంబత్తూరు చేరువనున్న కలంగల్ గ్రామమున, తెలుగు మాటలాడు వ్యవసాయ కుటుంబమందు, గోపాలస్వామి దొరస్వామినాయుడుగారు 1893వ సంవత్సరమున జన్మించిరి. బడిచదువు వారికి అంతగా అబ్బలేదు. కాని ఒక మోటారుసైకిలును కొని, విప్పి, మరల కూర్చి, దాని మర్మమును తామే గ్రహించిరి.

1920లో పొళ్లాచి, పళని పట్టణముల నడుమ ఒక్క బస్సును నడిపిరి. అదియే పెరిగి పెద్ద రవాణా సంస్థ అయ్యెను. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారును కోయంబత్తూరులోనే తయారు చేసిరి.

వారు పలుమారు ఐరోపా పర్యటించిరి. అచ్చటి యంత్రములను కొనితెచ్చుటతో తృప్తిపడలేదు. వారు రూపొందించిన విద్యుత్ క్షౌరయంత్రము జర్మనీలో తయారయ్యెను. పుచ్చుకొనుటయే గాక ఇచ్చుటయు ఉన్నప్పుడే దేశముల మైత్రి సమానుల మైత్రి యగునని ఇందువలన తెలియుచున్నది.

స్వదేశమున మాత్రము వారికి చిక్కులు కలిగెను. 1945లో వారి చొరవతో ఇచ్చట సాంకేతిక కళాశాల వెలసెను. నాలుగేండ్ల చదువును కుదింపవలెనని వారు కోరిరి. ప్రభుత్వము అంగీకరింపకపోగా పదవిని విడిచిరి. 1952లో రెండువేల రూపాయల చిన్నకారును సిద్ధపరచిరి. అనుమతి లభింపక అది నిలిచిపోయెను. ప్రజాక్షేమమునకు నిబంధనలు అవసరమే. అయినను, అవి నేర్పును అణచినచో నష్టపడునది ప్రజలే.

నాయుడుగారు 1974లో దివంగతులైరి. యంత్రజ్ఞానమునకు దేశములు నేడును కంచెలు కట్టుచున్నవి. విద్యార్థులారా! ఇంట తెలుగును, ఊర తమిళమును నేర్చిన మనకు మరియొక దేశపు విద్య నేర్చుట కష్టము కాదు. తలిదండ్రులారా! పిల్లలు వస్తువును విప్పి చూచినప్పుడు వారిని కసరకుడని మా మనవి.