లూథర్ బర్బాంక్

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 1849వ సంవత్సరమున లూథర్ బర్బాంక్ జన్మించెను. యౌవనముననే మేలురకపు బంగాళాదుంప నొకదానిని పండించి, దాని హక్కును 150 డాలర్లకు విక్రయించి, 1875లో కాలిఫోర్నియాకు తరలిపోయెను.

అతని స్వగ్రామప్రాంతమున చేమంతిని పోలు తెల్లని డెయిసీలు పూచెడివి. రైతులకు అవి వట్టి కలుపుమొక్కలు. బర్బాంక్‌కు మాత్రము వానిపై మిక్కిలి మక్కువ. ఆ పూలు పెద్దవిగను, స్వచ్ఛమైన తెల్లనివిగను ఉండవలెననియు, కాడలు గట్టిగా నిలువవలెననియు, కోసి నీటిలో నుంచినను పలుదినములు వాడకుండవలెననియు అతని కోరిక. 1884లో కృషి నారంభించెను. అమెరికా డెయిసీని ఇంగ్లండు డెయిసీతోను, వాని సంతతిని పోర్చుగల్ జాతితోను సంకరము చేసెను. మొలచిన వేలకొలది మొక్కలలో కొన్నింటినే మిగిల్చి తక్కినవానిని నిర్దయగా పెరికివేసెను. పూలు పెద్దవయ్యెను గాని, తెలుపు అతనికి తృప్తి నీయలేదు. తుదకు జపానుదేశపు డెయిసీ, పూవు చిన్నదే యైనను, ఆ కొరత తీర్చెను. 17 ఏండ్లకు, 1901లో, వెలువడిన ఈ పుష్పమునకు మంచు కప్పిన శాస్తా పర్వతము పేరు పెట్టెను.

సంకరముల వివరములను అతడు సరిగా వ్రాసియుంచలేదని శాస్త్రజ్ఞులు నిందించిరి. ఆ నింద న్యాయమైనదే. అతని కష్టము వేరు. క్రొత్త మొక్కను సృష్టించినవానికి ఆనాడు చట్టమున రక్షణ లేదు. మొక్క చేయి దాటినచో ఎవరైనను పెంచి అమ్ముకొనవచ్చును. బర్బాంక్ 1926లో మరణించెను. మొక్కలకు పేటెంట్లు ఇచ్చు చట్టము అమెరికాలో 1930లో వచ్చెను. అతని మొక్కలలో పదునారింటికి ఆ పేటెంట్లు మరణానంతరమే లభించెను.