చిన్న చెక్క మీద సముద్రం – జొవాన్ని ఫత్తోరి జీవితం



మన గోడ పత్రికలో గొప్పవారి జీవితాల గురించి రాసేటప్పుడు దేశనాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి ఎక్కువగా రాస్తుంటాం. ఈసారి నేను ఒక చిత్రకారుని గురించి రాస్తున్నాను. ఆయన పేరు జొవాన్ని ఫత్తోరి. ఇటలీ దేశస్థుడు. ఆయన చనిపోయి నూరేళ్లు దాటింది.

ఆయన నూనె రంగులతో వేసిన ఒక చిన్న బొమ్మ నాకు చాలా ఇష్టం. దాని కొలత చెబితే మీరు నమ్మరు. ఎత్తు 12 సెంటీమీటర్లు, పొడవు 35 సెంటీమీటర్లు. మన పెద్ద స్కేలు 30 సెంటీమీటర్లు గదా, దానికంటే 5 సెంటీమీటర్లే ఎక్కువ. ఎత్తయితే జామెట్రీ బాక్సులోని చిన్న స్కేలంత కూడా లేదు. అంత చెక్క ముక్క మీద ఆయన సముద్రాన్ని, కొండల్ని, ఎండని, నీడని, ఆ నీడలో కూచున్న మనుషుల్ని పెట్టాడు. అది ఎలా సాధ్యమయిందో తెలియాలంటే ముందు ఆయన బతుకు తెలియాలి.

బాల్యం, చదువు

ఫత్తోరి 1825 సెప్టెంబరు 6న లివోర్నో అనే ఊళ్లో పుట్టాడు. అది ఇటలీ పడమటి తీరాన ఉన్న రేవు పట్నం. వాళ్లది కలిగిన ఇల్లు కాదు. చిన్నప్పుడు ఆయన చదువు అంతంత మాత్రమే. వ్యాపారం పని నేర్చుకొని బతుకుతాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. కాని పిల్లవాడి చెయ్యి బొమ్మల మీదికే పోయేది. అది చూసి 1845లో ఆ ఊళ్లోనే ఉన్న జుసెప్పె బాల్దీని అనే చిత్రకారుని దగ్గర పనికి పెట్టారు. మరుసటి ఏడు, అంటే 1846లో, ఆయన ఫ్లోరెన్స్ నగరానికి వెళ్లి బెజ్జువోలి అనే గురువు దగ్గర చేరాడు. తరువాత అక్కడి లలిత కళల అకాడమీలో చదివాడు.

ఆ కాలంలో అకాడమీలో నేర్పే పద్ధతి వేరు. పెద్ద పెద్ద గుడ్డల మీద పాత రాజుల కథలు, యుద్ధాలు వెయ్యాలి. గదిలో కూచొని వెయ్యాలి. ముందు గీతతో ఆకారం సరిగ్గా గీసి, తరువాత రంగు నున్నగా పుయ్యాలి. ఫత్తోరి కూడా చాలా ఏళ్లు అలాగే వేశాడు. ముప్పై ఏళ్లు దాటేదాకా ఆయనకు తన సొంత దారి దొరకలేదు. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. చిన్నప్పుడే అన్నీ వచ్చేస్తేనే గొప్పవాళ్లవుతారని కొందరు అనుకుంటారు. ఈయన జీవితం చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది.

దేశం కోసం

అప్పటికి ఇటలీ ఒక్క దేశం కాదు. చిన్న చిన్న రాజ్యాలుగా ఉండేది. ఉత్తరాన కొంత భాగం ఆస్ట్రియా వాళ్ల చేతిలో ఉండేది. అందరూ కలిసి ఒక్క దేశం కావాలని పోరాటం మొదలయింది. 1848లో ఫత్తోరి చదువు మధ్యలో ఆపి ఆ ఉద్యమంలో తిరిగాడు. కరపత్రాలు మోసి పంచాడు. సైన్యంలో చేరతానంటే ఇంట్లోవాళ్లు పడనివ్వలేదు. 1849లో ఆస్ట్రియా సైన్యం ఆయన పుట్టిన ఊరు లివోర్నోను ముట్టడించింది. ఆ రక్తపాతం ఆయన కళ్లారా చూశాడు. అందుకే తరువాత ఆయన యుద్ధం బొమ్మలు ఎన్ని వేసినా వాటిలో డాబు కనిపించదు. అలసిన సైనికులు, దెబ్బలు తగిలినవాళ్లు, దుమ్ము పట్టిన గుర్రాలు, ఇవే కనిపిస్తాయి.

మరకలోళ్లు అన్న పేరు ఎలా వచ్చింది

ఫ్లోరెన్స్‌లో కఫే మికెలాంజొలో అని ఒక కాఫీ హోటలు ఉండేది. కుర్ర చిత్రకారులంతా సాయంత్రం అక్కడ చేరి వాదులాడుకునేవారు. సిన్యోరీని, లేగ, అబ్బాతి, బొర్రాని మొదలైనవారు ఆయన తోటివాళ్లు. గదిలో కూచొని పాత కథలు వెయ్యడం చాలు, బయటికి పోయి కంటికి కనిపించేది వేద్దాం అని వాళ్లు నిర్ణయించుకున్నారు.

వాళ్ల పద్ధతి ఏమిటంటే ముందు గీత గియ్యరు. ఒక దాన్ని మన కన్ను ఎలా చూస్తుంది? వెలుతురు పడిన చోటు ఒక రంగు ముక్కగా, నీడ పడిన చోటు ఇంకో రంగు ముక్కగా చూస్తుంది. ఆ ముక్కల్ని పక్కపక్కన సరిగ్గా పెడితే చాలు, ఆకారం దానంతట అదే వస్తుంది. వెలుతురును, నీడను బాగా విడదీసి చూడడానికి వాళ్లలో కొందరు నల్ల అద్దం వాడేవారు. అందులో చూస్తే రంగులు తగ్గి, తెలుపు నలుపు తేడా బాగా తెలుస్తుంది. మనం కళ్లు సగం మూసి చూసినా కొంచెం అలాగే ఉంటుంది.

ఇలాంటి రంగు ముక్కను ఇటలీ భాషలో మక్కియా అంటారు. అంటే మరక, మచ్చ. అదే మాటకు తుప్పలు, పొదలు అన్న అర్థం కూడా ఉంది. చట్టానికి దొరక్కుండా తుప్పల్లోకి పారిపోయినవాళ్లను గురించి చెప్పేటప్పుడు కూడా ఆ మాటే వాడతారు. 1862లో ఒక పత్రికలో వీళ్లను వెక్కిరిస్తూ మక్కియాయోలి అని రాశారు. అంటే మరకలోళ్లు అని, తుప్పల్లో తిరిగేవాళ్లు అని రెండు విధాలా ఎగతాళి. వీళ్లు ఆ పేరుకు సిగ్గుపడలేదు. దాన్నే ఉంచుకున్నారు. ఈనాడు కళల చరిత్రలో ఆ పేరే గౌరవంగా రాస్తారు. మ్యూజియముల్లో కూడా ఆ పేరే ఉంటుంది. వెక్కిరించిన ఆయన పేరు ఎంతమందికి గుర్తుంది?

మనం సంతకి గాని, టౌనుకి గాని వెళ్లినప్పుడు కొందరు మనల్ని కొండోళ్లు అని తేలిగ్గా పిలవడం మనలో చాలామంది విన్నదే. అందుకే ఈ సంగతి చదివినప్పుడు నాకు బాగా నాటుకుంది. పేరులో చిన్నతనం లేదు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లు చేసే పనిని బట్టి పేరుకు విలువ వస్తుంది.

పెద్ద బొమ్మ

1859లో ఆస్ట్రియాతో యుద్ధంలో సాయం చెయ్యడానికి ఫ్రెంచి సైన్యం వచ్చింది. ఫ్లోరెన్స్‌లో ఒక పెద్ద తోటలో ఫ్రెంచి సైనికులు గుడారాలు వేసుకున్నారు. ఫత్తోరి అక్కడికి పోయి చిన్న చిన్న చెక్కల మీద వాళ్లను వేశాడు. నాలుగు కుంచె దెబ్బల్లో ఒక సైనికుడు నిలబడి ఉంటాడు. ఆ ఏడే రోము నుంచి వచ్చిన నీనో కోస్తా అనే చిత్రకారుడు ఆయన పని చూసి, ఇదే నీ దారి అని ధైర్యం చెప్పాడు. ఫత్తోరికి అప్పుడు 34 ఏళ్లు.

కొత్త ప్రభుత్వం యుద్ధ చిత్రాల పోటీ పెడితే ఫత్తోరి మజెంతా యుద్ధం గురించి వేసి బహుమతి గెలిచాడు. అది దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పున్న బొమ్మ. అందులో కూడా కత్తులు దూసుకోవడం లేదు. యుద్ధం అయిపోయిన తరువాత గాయపడినవాళ్లకు బండి దగ్గర క్రైస్తవ సన్యాసినులు సేవ చేస్తుంటారు.

చిన్న బొమ్మ

ఇక నేను మొదట చెప్పిన బొమ్మ దగ్గరకు వస్తాను. ఫత్తోరి భార్య పేరు సెత్తీమియా. పెళ్లయిన కొద్ది కాలానికే ఆమెకు క్షయ పట్టుకుంది. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. ఆ జబ్బు క్రిమిని రాబర్ట్ కోహ్ కనిపెట్టింది 1882లో గదా. మంచి గాలి తగిలితే నయమవుతుందని చెప్పడమే అప్పటి వైద్యం. అందుకని ఫత్తోరి ఆమెను తీసుకొని ఫ్లోరెన్స్ విడిచి, సముద్రం ఒడ్డున ఉన్న తన సొంత ఊరు లివోర్నోకి వచ్చేశాడు.

అక్కడ సముద్ర స్నానాలకు వచ్చేవాళ్ల కోసం కట్టిన పల్మియేరి రొటొండా అనే చోటు ఉండేది. 1866లో ఆయన ఆ చోటును బొమ్మ వేశాడు. బొమ్మ పేరు కూడా అదే. పైన పందిరిలాగా కట్టిన గుడ్డ. దాని కింద నీడలో కొందరు ఆడవాళ్లు శాలువాలు కప్పుకొని, టోపీలు పెట్టుకొని కూచున్నారు, నిలబడ్డారు. వాళ్ల వెనక ఎండ పడిన నేల ఒక సన్నని పట్టీ. దాని వెనక సముద్రం ఒక నీలం పట్టీ. అవతల కొండలు, ఆకాశం. అంతే. మొహాల్లో కళ్లు లేవు, ముక్కులు లేవు. అయినా చూస్తే ఎండ ఎంత కాస్తోందో, ఆ నీడ ఎంత చల్లగా ఉందో తెలిసిపోతుంది. మధ్యాహ్నం చింతచెట్టు కింద కూచొని ఎదర పొలం వైపు చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

మరుసటి ఏడు, 1867లో, సెత్తీమియా చనిపోయింది. ఇది తెలిశాక ఆ బొమ్మ నాకు వేరుగా కనిపించింది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్న కాలంలో వేసిన బొమ్మ అది. అందులో ఏడుపు లేదు, మంచం లేదు. ఆమెకు నయం చేస్తుందని ఆశపెట్టుకున్న ఆ సముద్రం, ఆ గాలి, ఆ నీడ మాత్రమే ఉన్నాయి. ఆయన మనసులో ఏముందో మనకు తెలియదు గాని, ఉన్నదాన్ని ఉన్నట్టు నిదానంగా చూసినవాడు మాత్రమే అలా వెయ్యగలడని నా ఉద్దేశం. క్షయకు ఇప్పుడు మందులున్నాయి. మానకుండా వాడితే తగ్గిపోతుంది. ఆ కాలంలో ఆమెకు ఆ అదృష్టం లేకపోయింది.

తరువాత

భార్య పోయాక ఫత్తోరి ఆ వేసవిలో కాస్తిల్యొంచెల్లొ అనే చోట తన స్నేహితుడు దియెగో మార్తెల్లి ఇంట్లో ఉన్నాడు. ఎడ్లబండ్లను, సముద్రపు గట్టున కాడికి కట్టిన తెల్లని ఎడ్లను, పొలం పనివాళ్లను వేశాడు. తరువాత మరెమ్మ అనే చిత్తడి ప్రాంతంలో పెద్ద కొమ్ముల పశువులను, గుర్రాల మీద తిరిగే పశువుల కాపరులను వేశాడు. 1880లో వేసిన ఒక బొమ్మలో రికాబులో కాలు ఇరుక్కున్న సైనికుణ్ణి గుర్రం దారి పొడవునా ఈడ్చుకుపోతూ ఉంటుంది. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. వయసు మళ్లాక జింకు రేకు మీద గీసి, ఆమ్లంతో తినిపించి, అచ్చు తీసే పద్ధతిలో కూడా నూటికి పైగా బొమ్మలు చేశాడు.

1869 నుంచి ఆయన ఫ్లోరెన్స్ అకాడమీలోనే పంతులయ్యాడు. ఎంతోమంది శిష్యులు తయారయ్యారు. మికేలి అనే శిష్యుడు లివోర్నోలో బడి పెట్టి మొదిల్యాని అనే కుర్రవాడికి బొమ్మలు నేర్పాడు. ఆ మొదిల్యానియే తరువాత లోకమంతా తెలిసిన చిత్రకారుడయ్యాడు.

కొందరు ఫత్తోరి వాళ్లను ఇటలీ ఇంప్రెషనిస్టులు అంటారు. ఇంప్రెషనిస్టులు అనే ఫ్రెంచి చిత్రకారులు మొదటి ప్రదర్శన పెట్టింది 1874లో. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఆయన పల్మియేరి బొమ్మ వేసేశాడు. 1875లో పారిస్ వెళ్లొచ్చినా ఆయనకు ఫ్రెంచివాళ్ల పద్ధతి నచ్చలేదు. వాళ్ల బొమ్మల్లో వెలుతురులో ఆకారం కరిగిపోతుంది. ఈయన బొమ్మల్లో ఆకారం గట్టిగా నిలబడుతుంది.

పేరు వచ్చినా డబ్బు మాత్రం రాలేదు. చివరిదాకా ఇబ్బందుల్లోనే బతికాడు. 1908 ఆగస్టు 30న ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. ఈనాడు లివోర్నోలో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది. మన చిన్న బొమ్మ ఫ్లోరెన్స్‌లో పిత్తి అనే పాత రాజభవనంలోని గ్యాలరీలో ఉంది.

మిత్రులారా! మంచి కాగితం లేదు, రంగుల పెట్టె లేదు అని మనం బొమ్మలు మానేస్తుంటాం. ఆయన దగ్గర ఉన్నది చిన్న చెక్క. చూసే కన్ను మాత్రం పెద్దది. అందుకని నాదొక మనవి. పాత అట్టపెట్టె నుంచి 12 × 35 సెంటీమీటర్ల ముక్క కోసుకోండి. మన బడి వెనక కొండను కళ్లు సగం మూసి చూడండి. ఎక్కడ వెలుతురు, ఎక్కడ నీడ అని చూసి, గీత గియ్యకుండా రంగు పెట్టండి. బొగ్గు, పసుపు, ఆకు పసరు, ఎర్రమట్టి ఏదయినా ఫరవాలేదు. వేసినవి తెచ్చి ఇస్తే వచ్చే సంచికలో ఇక్కడే అంటిద్దాం.

– 9వ తరగతి