ఆంటన్ డోర్న్

చెరువుగట్టు ఎంత బలముగా వేసినను, అలుగు పెట్టుట మరచినచో తొలి పెద్దవానకే గట్టు తెగిపోవును. నీటిని నిలువజేయుట ఒక విద్య. మిగిలిన నీటికి త్రోవ చూపుట మరియొక విద్య. ఈ రెండు విద్యలను సముద్రజలమునకు ప్రయోగించి, కడలిలోని జీవులను గాజుతొట్లలో బ్రదికించి, వాని యండతో ప్రపంచ శాస్త్రజ్ఞుల కందఱకు నొక పరిశోధనాలయమును నిలిపిన మహనీయుడు ఆంటన్ డోర్న్.

ఈయన 1840వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన స్టెట్టిన్ నగరమున జన్మించెను. ఆ నగరము ఆనాడు ప్రష్యా రాజ్యములోనిది. నేడు పోలండు దేశమున నున్నది. డోర్న్ తాతగారు చక్కెర శుద్ధిచేయు కర్మాగారము వలన విశేషధనము గడించెను. తండ్రి కార్ల్ ఆగస్టు డోర్న్ కీటకశాస్త్రమునందు పేరుగాంచినవాడు. ప్రసిద్ధ సంగీతవేత్తయగు ఫెలిక్స్ మెండెల్సన్ ఆయనకు మిత్రుడు. ఆ స్నేహమునకు గుర్తుగా బాలునకు ఫెలిక్స్ ఆంటన్ అని పేరిడిరి.

డోర్న్ కోనిగ్స్‌బర్గు, బాన్, యేనా, బెర్లిను నగరములలో జంతుశాస్త్రమును, వైద్యమును చదివెను. మొదట చదువుపై ఆయనకంత శ్రద్ధ లేకుండెను. 1862వ సంవత్సరమున యేనా విశ్వవిద్యాలయమున హెకెల్ అను నాచార్యుడు డార్విను మహాశయుని పరిణామ సిద్ధాంతమును పరిచయము చేసెను. అప్పటినుండి డోర్న్ మనస్సు మారిపోయెను. జీవుల పుట్టుపూర్వోత్తరములు తెలియవలెనన్నచో సముద్రమునే శోధింపవలెనని ఆయన గ్రహించెను.

ఆ కాలమున సముద్రజీవులను పరిశీలించుట మిక్కిలి కష్టముతో కూడిన పని. శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిని, పుస్తకములను, సీసాలను మోసికొని తీరమునకు పోవలెను, అద్దెగది వెదకుకొనవలెను, బెస్తవారితో బేరము కుదుర్చుకొనవలెను. ఇంత చేసి జీవులను తెచ్చి పాత్రలలో నుంచినచో, పరీక్ష ముగియకమునుపే అవి చచ్చిపోవుచుండెను. 1868వ సంవత్సరపు శీతకాలమున డోర్న్, రష్యా దేశీయుడగు మిక్లుహో మక్లాయ్ అను మిత్రునితో గూడి, సిసిలీ ద్వీపమందలి మెస్సీనాకు పోయి ఈ కష్టములన్నియు ననుభవించెను. స్కాట్లండునుండి తెచ్చిన చిన్న జలచరపు తొట్టి ఒక్కటియే వారికి కొంత సాయపడెను.

అచ్చటనే డోర్న్ మనస్సున నొక యూహ మొలకెత్తెను. రైలుబండిలో పోవు బాటసారికి స్టేషను ఉన్నట్లు, శాస్త్రజ్ఞునకు సముద్రతీరములందు పరిశోధన కేంద్రము లేల ఉండరాదు? చేరిన దినముననే బల్ల, పరికరములు, గ్రంథములు, సజీవములగు జలచరములు ఆతనికి సిద్ధముగా నుండినచో ఎంత కాలము కలసివచ్చును! ఊహ గొప్పదే కాని, అందులకు కావలసిన ధన మెక్కడిది? కుమారుని యాలోచనను తండ్రి సులభముగా నంగీకరింపలేదు.

1869లో బెర్లిను నగరమున గొప్ప జలచరశాల యొకటి తెఱవబడెను. దానిని చూచుటకు ప్రజలు రుసుము చెల్లించి గుంపులుగా వచ్చుచుండిరి. ఇది చూచిన డోర్న్‌నకు ఉపాయము తోచెను. క్రింది యంతస్తున ప్రజలకై జలచరశాల, పై యంతస్తులలో శాస్త్రజ్ఞులకై ప్రయోగశాల కట్టించినచో, క్రింద వచ్చిన ధనము పైనున్న విద్యకు పోషణ మగును. ఇందులకు ఇటలీలోని నేపుల్సు నగరమును ఎన్నుకొనెను. ఆ యఖాతము జీవసమృద్ధి గలది. ఆ నగరము జనసమృద్ధి గలది. పరదేశ యాత్రికుల రాకపోకలును హెచ్చు.

నగర సభవారిని ఒప్పించుటకు డోర్న్ ఎన్నియో మారులు తిరుగవలసివచ్చెను. ఇంతలో 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధము వచ్చుటచే ఆయన సైన్యమునందు చేరెను. తుదకు నగరమువారు సముద్రపుటొడ్డుననున్న రాజోద్యానమున స్థలము నిచ్చుట కంగీకరించిరి. భవనమును డోర్న్ తన వ్యయముతో కట్టించి, గడువు తీరిన పిదప నగరమునకు అప్పగింపవలెనని నియమము. ఆయన తన సొత్తులో పెద్దభాగమును వెచ్చించి, చాలని దానికి మిత్రులవద్ద అప్పు చేసి, 1872లో పని ప్రారంభించెను.

భవనము కట్టుటకంటె నీటి ఏర్పాటే కష్టతరము. తొట్టిలోని చేపలు నీటియందు కరగియున్న ప్రాణవాయువును పీల్చును. నీరు కదలక నిలిచినచో ఆ వాయువు తఱిగిపోవును. జీవుల మలినములచే నీరు చెడును. ఈ చిక్కును విప్పినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడు అను ఆంగ్లేయుడు. ఆయన మొదట లండనునందు ఇండ్లలో నుంచుకొను జలచరపు తొట్ల యంగడిని నడిపెను. పిమ్మట హాంబర్గు నగరపు జలచరశాలకును, 1871లో తెఱవబడిన లండను స్ఫటిక సౌధపు జలచరశాలకును నీటి ఏర్పాట్లు చేసెను. నేపుల్సు శాలకును డోర్న్ ఆయన సలహానే పొందెను.

లాయిడు పద్ధతి యిట్టిది. తొట్లకు దిగువగా, చీకటిలో, చల్లగా నుండు నట్లొక పెద్ద నిలువకుండమును కట్టవలెను. అందలి సముద్రజలమును యంత్రబలముచే తొట్లలోనికి ఎక్కింపవలెను. తొట్టి నిండి పొరలిన నీరు అంచువద్దనున్న దారి గుండ దిగి మరల కుండమును చేరవలెను. స్ఫటిక సౌధమున తొట్లలో నుండు నీరు ఇరువదివేల గాలనులు కాగా, కుండమున నుండునది లక్ష గాలనులు. ఒక తొట్టిలో నీరు చెడినను, అంతటి రాశిలో కలసి, చీకటియందు విశ్రమించి, శుభ్రపడి వచ్చును. పైనుండి సన్నని ధారగా వేగముతో పడు నీరు గాలిబుడగలను వెంట గొనిపోయి జీవులకు ప్రాణవాయువును సమకూర్చును. రాగి మొదలగు లోహములను ఉప్పునీరు తిని విషతుల్యము చేయును గనుక, లాయిడు తన జలయంత్రములను గట్టి రబ్బరుతో చేయించెను. నీరు ఆవిరియైనను ఉప్పు మిగిలిపోవును గాన, ఆ లోటును మంచినీటితో పూరింపవలెను.

1874 జనవరి 26వ తేదీన నేపుల్సు జలచరశాల ప్రజలకు తెఱవబడెను. చూచువారు నిలుచు మందిరము చీకటిగా నుండును. వెలుగు పైనుండి నీటి గుండ మాత్రమే వచ్చును. అందుచే చూపరులకు తాము కడలి యడుగున నున్నట్లు తోచును. పై యంతస్తు గోడలపై హాన్స్ ఫాన్ మారేస్ అను చిత్రకారుడు బెస్తవారి జీవితమును రంగులలో చిత్రించెను.

అయినను కష్టములు తీరలేదు. ప్రవేశరుసుము లనుకొన్నంతగా రాలేదు. అప్పులు మీదపడెను. అట్టి సమయమున ఇంగ్లండులోని ప్రకృతి శాస్త్రజ్ఞులు దాదాపు వేయి పౌనులు ప్రోగుచేసి పంపిరి. ఆ దాతలలో డార్విను మహాశయుడు నొకడు. డోర్న్ మరియొక యుపాయమును గూడ పన్నెను. ప్రభుత్వములు, విశ్వవిద్యాలయములు ఏటేట కొంత పైకము చెల్లించి ఒక్కొక్క బల్లను అద్దెకు తీసికొనవచ్చును. వారు పంపిన శాస్త్రజ్ఞునకు బల్ల, రసాయనములు, గ్రంథాలయము, ప్రతిదినము క్రొత్తగా పట్టి తెచ్చిన జీవులు లభించును. ఏమి పరిశోధింపవలెనో నిర్ణయించు స్వేచ్ఛ ఆతనిదే. అమెరికాలోని విద్యావతులు కొందఱు సంఘముగా నేర్పడి, స్త్రీ శాస్త్రజ్ఞులకై ఒక బల్లను కుదుర్చుకొనిరి. తరువాత నోబెల్ బహుమానము పొందిన థామస్ హంట్ మోర్గను యౌవనమున నిచ్చట పనిచేసినవాడే.

డోర్న్ ఎక్కువ తక్కువలు చూడక, ప్రతిభ గలవారిని చేరదీసెను. సాల్వటోరె లో బియాంకో అను నేపుల్సు బాలుడు పదునాలుగేండ్ల వయస్సున నిచ్చట పనికి చేరెను. అతడు సుకుమారములగు జలచరములను ఆకారము చెడకుండ భద్రపఱచు విధానములను కనిపెట్టి, లోకమంతట పేరుగాంచెను.

డోర్న్ స్వయముగా గూడ గొప్ప శాస్త్రజ్ఞుడు. ఒక యవయవము కాలక్రమమున తన పనిని మార్చుకొని క్రొత్త పనికి ఉపయోగపడగలదని 1875లో ప్రతిపాదించెను. కాని తన పరిశోధనకంటె పరుల పరిశోధనకే ఆయన జీవితమున నెక్కువ భాగము ధారపోసెను. 1909 సెప్టెంబరు 26వ తేదీన మ్యూనిక్ నగరమున కన్నుమూసెను. అప్పటికి రెండువేల రెండువందలకు పైగా శాస్త్రజ్ఞులు ఆ సంస్థలో పనిచేసియుండిరి. ఆ సంస్థ నేటికిని ఆయన పేరుతోనే నడచుచున్నది.

నేడు ఇంటిలో పెద్ద గాజుతొట్టి నమర్చుకొనువారు గూడ ఈ మార్గమునే అనుసరింతురు. తొట్టి యంచున నీరు పొరలు గూడు, దానినుండి దిగు గొట్టము, క్రింద నిలువతొట్టి, నీటిని పైకి పంపు చిన్న యంత్రము — ఇంతియే. దిగు గొట్టము ఎక్కు గొట్టముకంటె పెద్దదై, ఆకులచే మూసికొనిపోకుండ నుండవలెను. విద్యుత్తు నిలిచినప్పుడు పైనుండి దిగివచ్చు నీటినంతయు పట్టునంత ఖాళీ క్రిందితొట్టిలో నుంచవలెను. ఈ జాగ్రత్తలు లేనిచో నీరు ఇంటి పాలగును. చేపలు మృత్యువు పాలగును.

నిలిచిన నీరు చెడును, పారెడు నీరు బ్రదికించును. ధనమైనను, విద్యయైనను ఇట్టిదే. తన సొత్తును, జ్ఞానమును తనయొద్దనే నిలుపుకొనక, పదుగురికి పారించిన డోర్న్ జీవితము విద్యార్థుల కనుసరణీయము.